‘ఆధారం లేని’ వాక్యం

మా ఆసుపత్రి రికార్డులు తనిఖీ చేసిన ఆడిటర్ గారి నివేదిక మధ్యాహ్నం నుంచి మనసులో తిరుగుతూనే ఉంది. ‘బీపీ, పల్స్ బాగానే ఉన్నాయి, కానీ పేషెంట్ ఎందుకో తేడాగా కనిపిస్తున్నారు’ అని నైట్ డ్యూటీ నర్సు అమ్మాయి రాసిన వాక్యాన్ని ఎత్తిచూపి, ‘ఆధారం లేదు’ అని తేల్చేశారు. రాత్రంతా రోగి పక్కన ఉన్న మనిషి చూపు ఆధారం ఎందుకు కాదు? అమీర్‌పేటలో మెట్రో మారుతున్నప్పుడు కూడా ఇదే ఆలోచన. ఇంటికొచ్చాక మా చిన్నమ్మాయి నా ముఖం చూసి ఏమీ అడగలేదు.

నర్సింగ్ అధ్యాపకురాలు బార్బరా కార్పర్ 1978లోనే నర్సింగ్ జ్ఞానాన్ని నాలుగు విధాలుగా వివరించారు: శాస్త్రపరమైనది, కళాత్మకమైనది, వ్యక్తిగతమైనది, నైతికమైనది. మా ఫారాలలో మొదటిదానికి తప్ప మిగిలినవాటికి గడులే లేవు. అనుభవం పండిన నర్సు నియమాలను ఒక్కొక్కటిగా సరిచూసుకోకుండానే పరిస్థితిని మొత్తంగా గ్రహిస్తుందని 1984లో నర్సింగ్ పరిశోధకురాలు ప్యాట్రీషియా బెన్నర్ రాశారు. ఆ అమ్మాయి పక్షాన ఈ మాటలే వినిపించాలనుకున్నాను.

అయితే రాయడానికి కూర్చోగానే, నేను కొత్తగా చేరిన రోజుల నాటి మా సీనియర్ సిస్టర్ గుర్తుకొచ్చారు. ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన చార్టులో అంకెలన్నీ సరిగ్గానే ఉన్నా, ఆమె ఆయన మంచం దగ్గరే ఆగిపోయారు. సాయంత్రం దాకా మనవడి కబుర్లు చెప్పిన మనిషి మౌనంగా దుప్పటి అంచు పీకుతున్నారు. ఆమె దుప్పటి తొలగించి పాదాలు ముట్టుకున్నారు, చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. లోపల రక్తం పోతున్నప్పుడు శరీరం చర్మంలోని నాళాలను ముడిచి గుండెకూ మెదడుకూ రక్తాన్ని మళ్లిస్తుందనీ, అందుకే బీపీ కొంతసేపు నిలబడి మనల్ని ఏమారుస్తుందనీ, డాక్టరుకు ఫోన్ చేయించాక, నాకు చెప్పారు. అప్పట్లో దాన్ని మాటలకందని విద్య అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే అందులో మౌనం ఉంది, చల్లని పాదాలు ఉన్నాయి, గోరు రంగు ఉంది, అన్నీ రాయదగినవే.

కాబట్టి బెన్నర్‌ను అడ్డం పెట్టుకుని ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు సమర్థించడం ఇప్పుడు నాకు సరిగా తోచడం లేదు. మాటల్లో పెట్టని జ్ఞానాన్ని పక్కవాళ్లు పరీక్షించలేరు, జూనియర్లు నేర్చుకోలేరు. అలాగని ఆడిటర్ గారి మాటా నాకు సమ్మతం కాదు. ఆస్ట్రేలియాలో 1990లలో మొదలైన మెడికల్ ఎమర్జెన్సీ టీమ్ (వార్డులో రోగి పరిస్థితి విషమిస్తుంటే వెంటనే వచ్చే బృందం) పద్ధతిలో, అంకెలు బాగున్నా సిబ్బందికి రోగి గురించి తీవ్రమైన ఆందోళన కలిగితే చాలు, టీమ్‌ను పిలవవచ్చు. ఆందోళన అక్కడ పిలుపుకు తగిన కారణమే. ఇక్కడ అది తప్పుగా నమోదైంది. రేపు ఆ అమ్మాయిని పిలిచి, ఆ రాత్రి తాను ఏమేమి చూసిందో, ఏమేమి ముట్టుకుందో అడుగుతాను. ‘తేడాగా’ అన్న మాట పక్కనే అవన్నీ రాసి, నివేదికకు జవాబు ఇద్దరం కలిసి పంపుతాం.