గోల్కొండ చిత్రం, పిట్ బుల్ పేచీ

“నాయనా, నువ్వు కుక్కను చూడనే లేదు, బోనుకు తగిలించిన అట్టను చూశావు” అన్న మా అమ్మాయి మాటకు ఇంకా జవాబు వెతుక్కుంటున్నాను. దిక్కులేని కుక్కలను పెంపకానికిచ్చే షెల్టరులో ఆమె మనసుపడిన కుక్క అట్ట మీద ‘పిట్ బుల్ సంకరం’ అని, కరుస్తుందని జనం భయపడే పేరు రాసి ఉండడంతో, రెండో మాటకు తావివ్వకుండా కుదరదన్నాను.

పిట్ బుల్ అనేది ఒకే జాతి కాదనీ, అమెరికన్ పిట్ బుల్ టెరియర్, స్టాఫర్డ్‌షైర్ వంటి జాతులకూ ఆ పోలికలున్న సంకరాలకూ కలిపి వాడే పేరనీ, చూపుతో అంచనా కట్టి రాసే ఆ పేరు జన్యుపరీక్షలో తరచూ తప్పుతుందనీ ఆమె చదివి వచ్చి చెప్పింది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం కుక్కల ప్రవర్తనలోని తేడాలలో జాతి వల్ల కలిగేది సుమారు 9 శాతమేనట. 23 జాతుల అమ్మకానికీ పెంపకానికీ అనుమతులు ఇవ్వవద్దని భారత ప్రభుత్వం 2024 మార్చిలో రాష్ట్రాలకు రాసిన లేఖను నేను చూపిస్తే, మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసిందని ఆమె వెదికి తెచ్చింది. బలమైన దవడలున్న కుక్క ఒక్కసారి కరిచినా గాయం పెద్దదే కదా అన్నాను. ఆ వాదనను ఇప్పటికీ వదులుకోలేదు.

అయితే పేరును నమ్మవద్దని పిల్లలకు బోధించినవాడిని నేనే. హ్యూస్టన్‌లోని మెనిల్ కలెక్షన్ అనే మ్యూజియంలో రెనే మాగ్రిట్ 1953లో చిత్రించిన ‘గోల్కొండ’ ఉందని తెలిసి, తెలుగువాడి గర్వంతో వాళ్లను లాక్కెళ్లాను. తీరా చూస్తే అందులో కోటా లేదు, వజ్రమూ లేదు. ఎర్రకప్పుల ఇళ్ల ముందు, నల్లకోట్లు తొడిగి గుండ్రటి టోపీలు పెట్టుకున్న మగవాళ్లు గాలి నిండా ఉన్నారు. ఆ పేరు కూడా కవి మిత్రుడు లూయీ స్క్యుటనేర్ సూచించినది. ఇదేం బొమ్మని పిల్లలు విసుక్కుంటే, పేరు మరిచిపోయి ఆ మనుషులు పడుతున్నారో, లేస్తున్నారో, ఊరికే నిలిచి ఉన్నారో తీరిగ్గా చూడమని ఉపన్యాసమిచ్చాను. స్వామి కంట నెత్తురు కారుతుంటే తన కన్ను పెకలించి అతికించి, రెండో కంటికి చోటు తప్పకుండా కాలితో గుర్తుపెట్టుకున్న కన్నప్ప కథ వింటూ, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డల మీద పది తలల రావణుణ్ణి చూస్తూ పెరిగిన తిరుపతివాడికి కలలోలాగా జరగనివాటిని చూపే ఇలాంటి అధివాస్తవిక చిత్రం కొత్తేమీ కాదని గొప్పలు కూడా పోయాను. అంత తీరిక ఆ కుక్కకు ఎందుకివ్వలేదో చెప్పలేకపోతున్నాను.

తిరుపతిలో అవ్వ రోజూ పెరుగన్నం పెట్టే వీధికుక్కది ఏ జాతి అని ఎవరైనా అడిగారా అన్నది అమ్మాయి తరువాతి ప్రశ్న. తీర్పు కోసం మా అమ్మకు ఫోన్ చేశాము. “వీధిలో ఉన్నంతవరకు నాలుగు మెతుకులు వేస్తాను గానీ గడప తొక్కనిస్తానా నాయనా” అన్నది ఆమె. నేను గెలిచాననుకున్నాను గానీ, అది అన్ని కుక్కలకూ వర్తించే తీర్పు గనుక నా వాదనకు కలిసిరాలేదు.

వేసవిలో ఊరికి వెళితే కుక్కను ఎవరు చూసుకుంటారన్నదే బహుశా నా అసలు భయం. దానికి పిట్ బుల్ పేరు అడ్డం పెట్టుకున్నానేమో. మేముండే టెక్సాస్ రాష్ట్ర చట్టం ప్రకారం నగరాలు జాతిని బట్టి కుక్కలను నిషేధించలేవు గానీ, మా అద్దె ఒప్పందంలో ఆ జాతి పేరుతోనే నిషేధం ఉంది. అది కనిపించగానే నాకు కలిగిన ఊరటను పైకి తెలియనివ్వకుండా ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాను. జన్యుపరీక్షకు ఎంతవుతుందో ఆమె ఇప్పుడు కనుక్కుంటోంది.