బాడీ పాతదే, చాసిస్ కొత్తది

ధర్మాబాద్ మిర్చి మార్కెట్‌కు దగ్గర్లో మాకు లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. ముప్పై ఏళ్లుగా బాపు ఇదే పని చేస్తున్నాడు. ఇంజను పోయి, చాసిస్, అంటే బండి కింది ఇనుప చట్రం, వంగిన బండి వస్తే ముందు బాడీని తట్టి చూస్తాడు. బాగుంటే యూ బోల్టులు విప్పించి, చైన్ పుల్లీతో పైకి లేపి, ఇంకో చాసిస్ మీద కూర్చోబెడతాడు.

పోయిన డిసెంబర్‌లో ఆయన్ని అహ్మద్‌నగర్ ట్యాంకుల మ్యూజియానికి తీసుకెళ్లాను. ఇప్పుడు ఆ ఊరిని అహిల్యానగర్ అంటున్నారు. మన్మాడ్ దాకా ఒక రైలు, అక్కడ మారి ఇంకో రైలు. ట్యాంకులన్నీ చూసుకుంటూ పోతున్న బాపు, రోల్స్ రాయిస్ కవచ కారు దగ్గర ఆగిపోయాడు. అక్కడున్న వాటిలో అదే అన్నిటికన్నా పాతది. సిల్వర్ ఘోస్ట్ చాసిస్, అంటే మహారాజులు మోజుపడి కొనుక్కున్న కారు. దాని మీద ఉక్కు రేకుల బాడీ. బాపు నేరుగా వెనక్కి వెళ్లాడు. మా లారీలకు బాడీ కట్టినవాళ్ల పేరు వెనకే రాస్తారు. దీని మీద కూడా ఉంటుందని వెతికాడు. తర్వాత వంగి కింద కమాన్ పట్టీలు చూసి, "ఇంత బరువు ఎట్లా మోసిందిరా!" అన్నాడు.

ఆ బండి నాలుగున్నర టన్నులు దాటుతుంది. 1914లో బ్రిటిష్ నౌకాదళ విమాన విభాగం మొదట వాడింది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అప్పటి మన వాయవ్య సరిహద్దు కొండలకు కూడా ఇలాంటివి తెప్పించారు. కానీ రోల్స్ రాయిస్ ఖరీదు ఎక్కువ. అందుకే 1923 నుంచి మాంచెస్టర్‌లోని క్రాస్లీ కంపెనీ 50 హార్స్‌పవర్ చాసిస్ తీసుకున్నారు. దాని మీద బాడీ కట్టింది విక్కర్స్. మా పనిలాగే, చాసిస్ ఒకరిది, బాడీ ఒకరిది.

నాకు బాగా నచ్చింది ఆ విక్కర్స్ బాడీయే. పైన టరెట్, అంటే గన్నులు పెట్టే గూడు, బోర్లించిన గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. కొండ మీద నుంచి కాల్చిన తూటా దాని మీద పడి జారిపోవాలి. గన్ను పెట్టడానికి చుట్టూ నాలుగు చోట్లు ఉన్నా, మామూలుగా రెండే విక్కర్స్ మెషిన్ గన్నులు ఉండేవి. లోపల వేడి తగ్గడానికి ఆస్‌బెస్టాస్ పొర వేశారు. ఎండాకాలం ఇనుప క్యాబిన్‌లో కూర్చుని వెల్డింగ్ చేసినవాడికి ఆ పొర విలువ తెలుస్తుంది.

టైర్లు మాత్రం గట్టి రబ్బరువి. తూటా తగిలినా గాలి పోయే భయం లేదు. కానీ ఆ కుదుపు సామాన్యమైనది కాదు. మా షెడ్డులో గ్యాస్ సిలిండర్ తోసే ట్రాలీకి అలాంటి చక్రాలే ఉన్నాయి. నాలుగు గజాలు తోస్తే భుజాల దాకా అదురుతుంది. ఆ బండ్లు ఏళ్ల తరబడి రాళ్ల దారుల్లో తిరిగాయి. చివరికి చాసిస్‌లు అరిగిపోయాయి, బాడీలు నిలిచాయి.

1939 నాటికి ఆ బాడీలను విప్పి, గాలి టైర్లున్న షెవర్లే చాసిస్‌ల మీదికి ఎక్కించారు. అప్పటికి ఏడాది ముందే, 1938లో, 13వ లాన్సర్స్, సింద్ హార్స్ అనే మన అశ్వదళాలు గుర్రాలు వదిలి బండ్లెక్కాయి. 1941లో ఇరాక్, సిరియా, ఇరాన్ ఎడారుల్లో ఈ పాత బాడీలు మళ్లీ తిరిగాయి.

తిరుగు రైల్లో ఇదంతా ఫోన్‌లో ఫొటోలు చూపిస్తూ చెప్పాను. బాపు టరెట్ ఫొటోను పెద్దది చేసి, రివెట్ల వరుస మీద వేలు పెట్టి, పర్భణీ వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు. "కొలత తప్పకుండా కట్టిండ్రు. లేకుంటే ఇంకో చాసిస్ మీద కూర్చుంటదా?" అన్నాడు.