షికాగో లైబ్రరీలో రెండో అంతస్తు

షికాగో వెళ్తున్నామంటే అందరూ చెప్పేవి విల్లిస్ టవర్, మిలీనియం పార్కులో తళతళా మెరిసే 'బీన్' శిల్పం, మిషిగన్ సరస్సు ఒడ్డు. అవన్నీ చూశాను, బాగున్నాయి. కానీ నేను పట్టుబట్టి మరీ వెళ్లింది స్టేట్ స్ట్రీట్‌లోని హెరాల్డ్ వాషింగ్టన్ లైబ్రరీకి. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. పిల్లలకు పుస్తకం అలవాటు చేయడం ఎంత కష్టమో తెలుసు కాబట్టి, ఆ పని బాగా జరిగే చోటు ఉందంటే చూడకుండా ఉండలేను.

ఆ కోరిక పుట్టింది షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో, మా అమ్మాయి వాళ్ల ఊరి లైబ్రరీలో. మనవడికి రెండేళ్లు దాటాయి. వాణ్ణి అక్కడ 'స్టోరీ టైమ్'కి తీసుకెళ్తుంటారు. ఒకరోజు మా అమ్మాయికి ఆఫీసు మీటింగ్ ఉంటే అల్లుడుగారితో కలిసి నేను వెళ్లాను. కార్పెట్ మీద పిల్లలు, వాళ్ల వెనకే అమ్మానాన్నలు. లైబ్రేరియన్ కూడా కిందే కూర్చుంది. పెద్ద బొమ్మల పుస్తకం పిల్లల వైపు తిప్పి పట్టుకుని, అక్షరాల కింద వేలు జరుపుతూ చదివింది. పేజీ తిప్పబోయే ముందు ఆగేది. 'ఇప్పుడు ఏమవుతుంది?' అని అడిగి, జవాబు వచ్చేదాకా చూసేది. ఓ పిల్లాడు లేచి వచ్చి ఆమె బూటు లేసు విప్పుతున్నా కథ ఆపలేదు, వాణ్ణి కసరలేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ తర్వాత సంగతి. ఒక పాటను బాగా సాగదీసి పాడించి, పెద్దవాళ్ల వైపు తిరిగి కారణం చెప్పింది. పాటలో మాట నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా వినిపిస్తుందట. ఆ ముక్కల్ని చెవి పట్టుకుంటే రేపు అక్షరాలు కూడబలుక్కోవడం తేలికవుతుందట. అంటే ఆవిడ పిల్లల్ని ఆడిస్తూనే పెద్దవాళ్లకు పాఠం చెబుతోంది! పిల్లాడు లైబ్రరీలో ఉండేది అరగంట, మిగతా వారమంతా ఇంట్లోనే కదా.

అయిపోయాక ఉండబట్టలేక ఆవిడను పలకరించాను. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే ఒక సంఘం పేరు చెప్పింది. అసోసియేషన్ ఫర్ లైబ్రరీ సర్వీస్ టు చిల్డ్రన్. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో పిల్లల లైబ్రేరియన్ల విభాగం అది. 1900లో పిల్లల లైబ్రేరియన్లు కొందరు చిన్న క్లబ్బుగా మొదలుపెట్టారు. ఇప్పుడున్న పేరు 1977లో వచ్చింది. పిల్లల లైబ్రేరియన్‌కు ఏమేం తెలిసి ఉండాలో రాసి పెడతారు, శిక్షణ ఇస్తారు. పబ్లిక్ లైబ్రరీల విభాగంతో కలిసి 2004లో తెచ్చిన 'ఎవ్రీ చైల్డ్ రెడీ టు రీడ్' అనే కార్యక్రమం తల్లిదండ్రుల కోసం. బడికి వెళ్లకముందే పిల్లలతో ఇంట్లో చేయాల్సినవి ఐదంటారు: మాట్లాడడం, పాడడం, చదవడం, రాయడం, ఆడడం. అవన్నీ మీకు బాగా వచ్చిన భాషలోనే చేయండి అని కూడా చెబుతారు.

ఆ చివరి మాట దగ్గర నా ప్రాణం లేచి వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడితే స్కూల్లో ఇంగ్లీషు వెనకబడుతుందేమోనని మా అమ్మాయికి ఎప్పుడూ టెన్షనే. ఆ సాయంత్రం ఆమెకు ఈ మాట చెప్పాను. 'మరి ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదేంటమ్మా!' అంది. ఆ రాత్రి వాణ్ణి కాళ్ల మీద కూర్చోబెట్టుకుని తనే తారంగం ఆడించింది.

తర్వాతి శనివారం మెట్రా రైల్లో షికాగో బయల్దేరాం. యూనియన్ స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ వెళ్లాం. ఎర్ర ఇటుకల భారీ భవనం, కప్పు మూలల్లో పచ్చటి పెద్ద పెద్ద గుడ్లగూబలు. షికాగో తొలి నల్లజాతి మేయర్ పేరు పెట్టి 1991లో తెరిచారు. పిల్లల లైబ్రరీ రెండో అంతస్తులో ఉంది. దాని పేరు థామస్ హ్యూస్ చిల్డ్రన్స్ లైబ్రరీ. ఈయన షికాగో మనిషి కాదు, ఇంగ్లండు రచయిత, పార్లమెంటు సభ్యుడు. 1871లో ఊరు తగలబడిపోయిందని తెలిసి, ఇంగ్లండువాళ్లను కదిలించి పుస్తకాలు పోగుచేసి పంపించినవాళ్లలో ముఖ్యుడు. ఎనిమిది వేలకు పైగా వచ్చాయి, విక్టోరియా మహారాణి కూడా ఇచ్చింది. పెట్టడానికి చోటు లేక, మంటల్లో మిగిలిన పాత ఇనుప నీళ్ల ట్యాంకులో అమర్చి 1873 జనవరి 1న లైబ్రరీ తెరిచారట. ఊరు బూడిదైన ఏడాదిన్నర తిరక్కుండానే లైబ్రరీ గురించి ఆలోచించినవాళ్లకు చేతులెత్తి నమస్కరించాలనిపించింది.

ఈ ఊళ్లో ఇంకో మంచి పని చేశారు. 2019 అక్టోబరు నుంచి ఆలస్యంగా తెచ్చిన పుస్తకాలకు జరిమానా తీసేశారు. జరిమానా భయంతో లైబ్రరీ మానేసేది పేదింటి పిల్లలే. మా బళ్లో పుస్తకం చిరిగితే తిడతారని అసలు తీసుకోవడమే మానేసిన పిల్లల మొహాలు గుర్తొచ్చాయి.

అక్కడ ఒక బల్ల మీద బంగారు, వెండి బిళ్లలు అంటించిన పుస్తకాలు వరసగా పెట్టారు. పిల్లల సాహిత్యానికి ఇచ్చే న్యూబెరీ పతకం 1922 నుంచి, బొమ్మలకు ఇచ్చే కాల్డికాట్ పతకం 1938 నుంచి ఇస్తున్నది నేపర్‌విల్ లైబ్రేరియన్ చెప్పిన ఆ సంఘమే. ఒక్కో కమిటీలో పదిహేను మంది ఏడాదంతా చదివి తేలుస్తారు. రోజూ పిల్లల మధ్య తిరిగేవాళ్ల చేతిలో ఆ నిర్ణయం ఉండడం నాకు అన్నిటికంటే నచ్చింది. ప్యూరా బెల్ప్రే పేరిట ఇంకో బహుమతి ఉంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పనిచేసిన ప్యూర్టోరికో ఆవిడ. పిల్లలకు తమ ఊరి కథల్ని స్పానిష్‌లోనూ చెప్పిన లైబ్రేరియన్. నేపర్‌విల్‌లో విన్న ఇంటి భాష మాట వెనక ఇలాంటివాళ్ల కష్టం ఎంతుందో!

తిరిగి వచ్చేముందు నార్త్ మిషిగన్ ఎవెన్యూలో 225 నంబరు భవనం దాకా నడిపించాను అల్లుడుగారిని. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఆఫీసు అందులోనే. సెలవు రోజు, బయటినుంచే చూశాం. ఎన్నో ఆఫీసుల్లో అదొకటి, ప్రత్యేకంగా కనిపించేదేమీ లేదు.

మనకు సంఘాలు కొత్త కాదు. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నవాళ్లం. అయ్యంకి వెంకటరమణయ్యగారి లాంటివాళ్లు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. ఇప్పటికీ ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. నవంబరు 14 నుంచి వారోత్సవాల్లో పిల్లలకు వ్యాసరచన, చిత్రలేఖనం పోటీలు పెడతాం. ఆ పోటీలన్నీ అప్పటికే చదవడం వచ్చినవాళ్లకు. చదవడం రాని మూడేళ్ల పిల్లకూ లైబ్రరీలో చోటుండాలి, వాళ్లతో ఎలా కూర్చోవాలో తెలిసిన లైబ్రేరియన్ ఉండాలి, ఆ లైబ్రేరియన్లకు తమదంటూ ఒక సంఘం ఉండాలి.

తెనాలి వచ్చిన వారానికే మా పేటలోని శాఖా గ్రంథాలయానికి వెళ్లి అక్కడి అధికారికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "చాపలు నేను వేయిస్తాను మేడమ్, తల్లుల్ని మీరు తీసుకురండి" అన్నారు. అంగన్‌వాడీ టీచరమ్మతో మాట్లాడాను, ఎనిమిది మంది తల్లులు వస్తామన్నారు. పెద్ద అక్షరాలతో, పేజీ నిండా బొమ్మలున్న తెలుగు పుస్తకాలు కావాలి. విజయవాడ వెళ్లి వెతుక్కురావాలి.