చెరువు పచ్చబడితే ముందు భాస్వరాన్ని లెక్కకట్టండి

జీవావరణంలో శక్తికి తిరుగు ప్రయాణం లేదు. మొక్క పట్టుకున్న సూర్యశక్తిలో, దాన్ని తిన్న జీవికి ఒంటపట్టేది సుమారు పదో వంతు. చోటును బట్టి 5 నుంచి 20 శాతం దాకా ఉండొచ్చు. మిగతాది చివరికి వేడిగా పోవాల్సిందే. ఇలా మెట్టు మెట్టుకూ శక్తిని లెక్కగట్టే పద్ధతికి 1942లో అమెరికా జీవావరణ శాస్త్రవేత్త రేమండ్ లిండెమన్ దారి వేశాడు.

పోషకాల సంగతి వేరు. నత్రజని, భాస్వరం ఖర్చయిపోవు, చేతులు మారతాయి. అవి మళ్లీ మట్టికి చేరితేనే వ్యవస్థ నిలుస్తుంది. మనం ఆ చక్రాన్ని తెంచేశాం. రాతి నుంచి తవ్విన భాస్వరం ఎరువై పొలానికి, పంటై ఇంటికి, మురుగై నీటికి చేరుతుంది. తిరిగి పొలానికి వెళ్లేది కొంచెమే. నత్రజనినైతే 1913 నుంచి ఫ్యాక్టరీల్లో గాలి నుంచే తీస్తున్నాం. నీటిలో ఎక్కువైన నత్రజనిలో కొంత భాగాన్ని బ్యాక్టీరియా మళ్లీ గాలిలోకి పంపగలదు. భాస్వరానికి ఆ దారి లేదు, అది బురదలో పేరుకుంటుంది.

మంచినీటి చెరువుల్లో నేను ముందు భాస్వరాన్నే చూడమనడానికి కారణం ఉంది. 1973లో కెనడాలోని ఒంటారియోలో ఒక సరస్సును తెరతో రెండుగా విడదీశారు. ఒక పక్క కార్బన్, నత్రజని కలిపారు. రెండో పక్క వాటితో పాటు భాస్వరం కూడా వేశారు. ఆ రెండో పక్కే నాచుతో పచ్చబడింది. నత్రజని ఒక్కదాన్నే తగ్గిస్తే, గాలి నుంచి దాన్ని తీసుకోగల నీలి-ఆకుపచ్చ నాచుకే మేలు చేసినట్టవుతుంది. సముద్ర తీరాల్లో మాత్రం నత్రజనినీ వదలకూడదు.

నష్టం ఎంతో చూడండి. నాచులో ఒక్కో భాస్వరం పరమాణువుకు సుమారు 16 నత్రజని, 106 కార్బన్ పరమాణువులు ఉంటాయి. ఆ లెక్కన ఒక కిలో భాస్వరంతో పెరిగిన నాచు పూర్తిగా కుళ్లడానికి దాదాపు 140 కిలోల ఆక్సిజన్ కావాలి. లీటరుకు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉన్న నీరైతే, 1.75 కోట్ల లీటర్లలో ఉన్నదంతా ఖాళీ అవుతుంది. చేపలు చచ్చేది అందుకే.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు బురద పైపొరలోని ఇనుము భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ పోగానే ఇనుము నీటిలో కరిగే రూపానికి మారి, పట్టుకున్నదాన్ని వదిలేస్తుంది. దాంతో మళ్లీ నాచు, మళ్లీ కుళ్లు. మురుగు ఆపిన ఏళ్ల తర్వాత కూడా కొన్ని చెరువులు పచ్చగానే ఉండటానికి కారణం ఇదే.

పరీక్షకు లోతైన చోట, బురదకు అర మీటరు పైన, తెల్లవారుజామున నీళ్లు తీయండి. బురదను కదిలించకండి, కదిలిస్తే అంకెలు పనికిరావు. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తక్కువగా ఉండి, అడుగు నీటిలో భాస్వరం పైనీటి కంటే బాగా ఎక్కువగా ఉంటే బురదే వదులుతోందని అనుమానించాలి. మొత్తం భాస్వరం ఏడాది సగటున లీటరుకు 35 మైక్రోగ్రాములు దాటితే చెరువు పోషకాలతో నిండిపోయినట్టే.

పటిక వేస్తే భాస్వరం అల్యూమినియంకు అతుక్కుని అడుక్కు దిగుతుంది, ఆక్సిజన్ లేకపోయినా విడదు. కానీ పటిక నీటిని ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ 6 కంటే పడిపోతే కరిగిన అల్యూమినియం చేపలను చంపుతుంది. కాబట్టి క్షారత, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి, కొలవకుండా మోతాదు నిర్ణయించకూడదు. పైనుంచి వచ్చే మురుగును, పొలాల నీటిని ముందుగా అడ్డుకోకపోతే మాత్రం, వేసిన పటికపై కొత్త బురద పొర పడి కొన్నేళ్లలో చెరువు మళ్లీ పాత స్థితికి వస్తుంది.