కారు కింద చూశావా?

మొన్న రాత్రి ఇక్కడ ఆస్ట్రేలియాలో, ఫిలిప్ ఐలాండ్ అనే ద్వీపంలో పెంగ్విన్ పెరేడ్ (చీకటి పడ్డాక పెంగ్విన్‌లు సముద్రంలోంచి ఒడ్డుకొచ్చి గూళ్ళకి నడిచెళ్ళడం) అయిపోయి కారు స్టార్ట్ చేశానో లేదో, రేంజర్ ఒకామె వచ్చి అద్దం మీద తట్టింది. "కింద చూశావా?" అంతే అడిగింది, నవ్వలేదు. కింద పెంగ్విన్‌లు దూరుంటాయేమో చూసి బండి తియ్యమని బోర్డులున్నాయి, నేనూ చదివాను, కానీ ఊరి నుంచి వచ్చిన బావగారు చలికి వణుకుతుంటే తొందరపడ్డా. దిగి మోకాళ్ళ మీద వంగి ఫోన్ లైటేసి చూశా, ఏమీ లేదు. ఇల్లు చేరేదాకా ఒకటే మంట, పక్షులకి పేరున్న నేలపట్టు పక్కన పుట్టినోడికి పిట్టల గురించి చెప్పాలా అని. మా చెరువులో నీటికడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్‌లు) గూళ్ళు కడితే ఆ ఏడు పంట బాగుంటదని మా నాన్న అంటాడు, వాటి రెట్టలు కలిసిన నీళ్ళు పొలానికి బలం. ఏ బోర్డూ లేకుండానే వాటి మీద ఎవరూ రాయి వెయ్యరు.

నేను పనిచేసేది ఆ ద్వీపంలోనే కౌస్ అనే ఊళ్ళో, ఏజ్డ్ కేర్‌లో, అంటే ముసలివాళ్ళని చూసుకునే చోట. పొద్దున ఒక పెద్దాయనకి గడ్డం గీస్తూ ఇదంతా చెప్పుకున్నా. ఆయన ఇప్పటికీ "మా షైర్" అనే అంటాడు (షైర్ అంటే ఇక్కడి స్థానిక పాలనా ప్రాంతం), ఫిలిప్ ఐలాండ్ షైర్ 1994లోనే రద్దయి బాస్ కోస్ట్ షైర్‌లో కలిసిపోయినా సరే. నావైపు మాట్లాడతాడనుకుంటే, మొహం నిండా నురగతో నావైపు తిరిగి "అడగాల్సిందే" అన్నాడు. ఆయనకి ఆ పెరేడ్ జరిగే వైపే, సమ్మర్‌ల్యాండ్‌లో ఇల్లుండేదంట. రాత్రుళ్ళు పెంగ్విన్‌లు ఇంటి కింద చేరి గోల చేసేవంట. అడుగెత్తు పిట్టలు, కిలో బరువుంటాయేమో, కార్ల కింద పడి, కుక్కలకీ నక్కలకీ దొరికి చచ్చిపోతుంటే, ద్వీపంలో ఒకప్పుడు పది చోట్ల ఉన్నవి ఆ ఒక్కచోటే మిగిలాయి. 1985లో ప్రభుత్వం అక్కడి స్థలాలు, ఇళ్ళు అన్నీ కొనేద్దామని నిర్ణయించింది, అది పూర్తయ్యేసరికి 2010 అయింది. ఇళ్ళు తీసేసి మళ్ళీ పొదలు పెంచారు.

"కోపం రాలేదా?" అన్నా.

"చాలా ఏళ్ళు ఉండింది" అని, బ్లేడుకి అందేలా గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు.

అప్పట్నుంచీ అదే ఆలోచన. మా గూడబాతులు మమ్మల్ని ఏం అడిగాయని? చెట్ల మీద వాటి బతుకేదో అవి బతికాయి, పైగా మాకే ఎరువిచ్చాయి. ఇల్లు వదలమంటే అప్పుడు తెలిసేది మా ప్రేమ ఎంతో.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి గూడబాతులు వచ్చాయా అని అడిగా. "చెరువు నిండిందిరా, వచ్చుండాయి" అన్నాడు, గొంతులో ఎంత సంతోషమో. చెరువు కింద ఉన్న మన రెండెకరాలు వాటికోసం ఇచ్చెయ్యమంటే ఇస్తావా నాన్నా అని అడుగుదామనుకున్నా గానీ నోరు రాలేదు.