అటక మీది చుట్ట

నిన్న విశాఖలో పూర్ణా మార్కెట్ దగ్గర మావయ్య వాళ్ళింట్లో అటక దులుపుతుంటే పాత సినిమా పోస్టర్ల చుట్ట దొరికింది, ఆయన ఒకప్పుడు హాల్లో ఆపరేటర్ లెండి. 30×40 అంగుళాల మామూలువి నాలుగు, గోడల మీద ముక్కలు కలిపి అంటించే సిక్స్ షీట్ ఒకటి. పెద్దదానికే రేటెక్కువ అనుకున్నా. అలాంటివి జిగురుతోపాటు గోడకే పోతాయి కాబట్టి మిగిలేవి తక్కువే, కానీ ఇంట్లో ఎక్కడ పెడతారు, ఫ్రేం ఎవరు కట్టిస్తారు అన్నాడు కొందామని చూడ్డానికొచ్చినాయన. ఫొటోలు కత్తిరించి అతికించినవి పక్కకి నెట్టేశాడు. చేత్తో బొమ్మ గీసినదాని దగ్గర ఆగిపోయాడు. హీరోయిన్ చెంప మీద ఆకుపచ్చ నీడ, మూలన ఆర్టిస్టు సంతకం, మడత దగ్గర చెద తిన్న చిన్న కన్నం.

రేటు చెప్పేలోపే మావయ్య చుట్టేసి లోపల పెట్టేశాడు!