తూకం ముల్లు కదలదు, లాగ్ కదలాలి: 16 వారాల రీకంపోజిషన్ నోట్‌బుక్

ఉత్త బరువు తగ్గడమైతే తూకం మిషనే వారం వారం శుభవార్త చెబుతుంది. రీకంపోజిషన్‌లో, అంటే కొవ్వు తగ్గిస్తూనే కండ పెంచే పద్ధతిలో, కిలో కొవ్వు పోయి కిలో కండ వచ్చినా ముల్లు ఉన్నచోటే ఉంటుంది. ఇంత కష్టపడి ఏం లాభం అనిపించేది అక్కడే. కాబట్టి కదిలే అంకెలేవో ముందే తేల్చుకుని నోట్‌బుక్‌లో, అదే లాగ్‌లో, గళ్లు గీసుకోవాలి. కింద ఉన్నది 72 కిలోల బరువుండి, కొత్తగా బార్ (బరువు ప్లేట్లు తగిలించే ఇనుప కడ్డీ) పట్టిన మనిషి లెక్కతో వేసిన నమూనా.

0వ వారం

నడుము కొలత బొడ్డు దగ్గర. పొద్దున్నే, ఏమీ తినకముందు, మామూలుగా ఊపిరి వదిలాక తీయాలి. పొట్ట లోపలికి పీల్చి తీసిన కొలత నాలుగు వారాల తర్వాత మన మీదే తిరగబడుతుంది. మూడుసార్లు తీసి మధ్య అంకె రాయండి. ఫొటోలు నాలుగు వారాలకోసారి, అదే గోడ, అదే కిటికీ వెలుతురు. జిమ్ లైట్ల కింద ఎవరైనా బాగానే కనిపిస్తారు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

తిండి: ఒంటికి రోజూ ఖర్చయ్యే దానికంటే 200–300 కేలరీలు తక్కువ, అంతకు మించి కోత వద్దు. ప్రొటీన్ కిలో బరువుకి కనీసం 1.6 గ్రాములు, అంటే రోజుకి దాదాపు 115. నాలుగు గుడ్లు (24), పచ్చిగా తూచిన 200 గ్రాముల చికెన్ బ్రెస్ట్ (45), 50 గ్రాముల పొడి మీల్ మేకర్ (26), 50 గ్రాముల కందిపప్పు (11), 200 గ్రాముల పెరుగు (7) కలిపితే 113. మిగతాది అన్నం, రొట్టెల నుంచి వచ్చేస్తుంది. చికెన్ ఉడికాక తూస్తే నీరు పోయి బరువు తగ్గుతుంది, లెక్క తప్పుతుంది. ఇక్కడ పొరపాటు పడేవాళ్లు చాలామంది.

1–4 వారాలు

సోమ, బుధ, శుక్ర. స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) ప్రతిసారీ, 5 రెప్‌లవి 3 సెట్లు, అంటే ఆపకుండా ఐదేసి సార్లు, మధ్యలో విరామంతో మూడు విడతలు. బెంచ్ (పడుకుని బార్‌ని ఛాతీ మీంచి పైకి నెట్టడం) ఒకసారి, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని ఎత్తి నిలబడడం) తర్వాతిసారి, అలా మార్చి మార్చి. స్క్వాట్ ఉత్త బార్‌తో, 20 కిలోలతో మొదలు, ప్రతిసారీ 2.5 పెంచడం. పన్నెండో సెషన్‌కి 47.5 వస్తుంది. ఈ నెలలో మనసుకి వేరే మందు అక్కర్లేదు, పెరిగే అంకే చాలు. కానీ తొలి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాలు పని నేర్చుకోవడం వల్లే. అద్దంలో ఇంకా ఏమీ కనపడకపోతే బెంగ పడొద్దు.

క్రియాటిన్ (కసరత్తు చేసేవాళ్లు వాడే సప్లిమెంట్ పొడి) రోజుకి 3–5 గ్రాములు వాడితే కండలో నీరు చేరి కిలో దాకా పెరగొచ్చు. మొదలుపెట్టిన తేదీ లాగ్‌లో ఎర్ర సిరాతో రాసుకోండి, లేకపోతే తర్వాత ఆ కిలోని కొవ్వు ఖాతాలో వేసుకుంటారు.

5–8 వారాలు

అసలు గండం ఇదే. ఇక్కడ తూకం రోజూ చూడాలి, కానీ నమ్మాల్సింది ఏడు రోజుల సగటుని. శనివారం నుంచి ఒక వారం ఇలా ఉందనుకుందాం: 72.4, 71.9, 73.1, 72.6, 72.0, 71.8, 72.2. సగటు 72.3. సోమవారం కనిపించిన ఆ 73.1 ఆదివారం బిర్యానీది. ఉప్పు నీళ్లని పట్టి ఉంచుతుంది, అన్నం నుంచి కండలో నిల్వ అయ్యే ప్రతి గ్రాము గ్లైకోజన్ (పిండి పదార్థపు నిల్వ రూపం) దాదాపు మూడు గ్రాముల నీళ్లని తోడు తెచ్చుకుంటుంది. ఒక్క రోజులో కిలో కొవ్వు పెరగాలంటే 7,700 కేలరీలు అదనంగా తినాలి. ఎంత పెద్ద బిర్యానీ ప్రియుడికైనా ఒక్క పూటలో అది సాధ్యం కాదు.

ఆరో వారంలో స్క్వాట్ 60 దగ్గర 5, 5, 3 అని, అంటే మూడో సెట్‌లో మూడు రెప్‌లకే, ఆగిపోవచ్చు. ముందు సెట్ల మధ్య విరామం చూడండి. 90 సెకన్లు సరిపోవు, 3 నుంచి 5 నిమిషాలు కావాలి. తర్వాత నిద్ర. అదే బరువు మూడుసార్లు తప్పితేనే దాదాపు పది శాతం తగ్గించి 55 నుంచి మళ్లీ ఎక్కాలి.

బెంచ్ ఇంకా ముందే ఆగుతుంది. అపార్ట్‌మెంట్ జిమ్‌లో 2.5 కంటే చిన్న ప్లేటు లేకపోతే, బార్‌కి రెండు వైపులా వేయాలి కాబట్టి ప్రతి పెంపూ 5 కిలోలే. 30 కిలోల బెంచ్‌కి అది ఆరో వంతు. సొంతంగా ఒక జత 1.25 ప్లేట్లు కొని బ్యాగులో వేసుకోవడం ఏ మోటివేషన్ వీడియో కంటే గట్టిగా పనిచేస్తుంది.

9–12 వారాలు

మానేసిన రోజుల గడి ఒకటి పెట్టండి. కారణానికి మూడు మాటలే: టైం, అలసట, మనసు.

టైం అని ఎక్కువగా పడితే జిమ్ ఉన్న చోటు తప్పు. మాదాపూర్‌లో ఆఫీసు, ఉప్పల్‌లో ఇల్లు, జిమ్ ఇంటి దగ్గర అయితే వానాకాలం సాయంత్రాలు గోవిందా. ఆఫీసు పక్క జిమ్‌లో బరువులెత్తి, ట్రాఫిక్ తగ్గాక బయల్దేరడం నయం. సాయంత్రం రాక్ (స్క్వాట్ బార్ పెట్టే స్టాండు) ఖాళీ లేకపోతే ఏం చేయాలో కూడా ముందే రాసి ఉంచాలి: డంబెల్ గాబ్లెట్ స్క్వాట్ (డంబెల్‌ని ఛాతీ దగ్గర పట్టుకుని చేసేది), 12 రెప్‌లవి 3 సెట్లు. అక్కడ నిలబడి ఆలోచిస్తే కాళ్లు ఇంటివైపే లాగుతాయి.

మనసు అని వారంలో రెండుసార్లు పడితే మనసుని తిట్టకండి. ఆ వారం తిండి, నిద్ర గళ్లు చూడండి. రోజుకి 700 కేలరీలు కోసి, ఐదు గంటలు పడుకుంటే ఎవరికైనా బార్ చూస్తే విసుగే. ఆ రోజులకి కనీస సెషన్ ఒకటి ఉండాలి: స్క్వాట్ రెండు సెట్లు, అంతే, ఇంటికి. లాగ్‌లో అది హాజరే.

పెళ్లిళ్లు, బోనాలు, రంజాన్ నెల హలీం లెక్కలో ముందే ఉండాలి. హలీంలో మాంసంతో పాటు గోధుమ, నెయ్యి దండిగా ఉంటాయి. ప్రొటీన్ వంకతో రోజూ తింటే కోత కాస్తా ఎగిరిపోతుంది. వారానికి ఒకసారి పెట్టుకుని, ఆ రోజు మిగతా పూటల్లో నూనె తగ్గిస్తే చాలు.

13–16 వారాలు

పదమూడో వారం సెట్లు సగానికి తగ్గించి విశ్రాంతి. పదహారో వారం చివర నడుము, ఫొటో, ఎత్తిన బరువులు 0వ వారం పక్కన పెట్టి చూడాలి. టేపులో అర సెంటీమీటర్ తేడా కొలిచే చేతి పొరపాటే కావచ్చు. రెండు సెంటీమీటర్లు తగ్గి, స్క్వాట్ పెరిగి, సగటు 72 దగ్గరే ఉంటే తిండి మార్చొద్దు. నడుమూ బరువూ రెండూ పెరిగితే రోజుకి 150 కేలరీలు తగ్గించండి, ముందుగా చాయ్‌లో చక్కెర, ఉస్మానియా బిస్కెట్ల నుంచి.